ఇంటి సంగతులు వదిలివేయడమైనది

అక్క సంచి సర్దుకుంటోంది. అమ్మ పక్కనే కూర్చుని, అక్క పెట్టినవన్నీ బయటికి తీసి, తనకు నచ్చినట్టు మడతపెట్టి మళ్ళీ లోపలికి కూరుతోంది. రెండు జతల బట్టలు, దువ్వెన, కాగితంలో చుట్టిన సబ్బు, నాన్న పోయాక ఎవరూ కప్పుకోని ఉన్ని దుప్పటి. ఆ దుప్పటి వల్ల సంచి మూతి బిగుసుకోవడం లేదు.

"దుప్పటెందుకమ్మా? వాళ్ళింట్లో దుప్పట్లకి కరువా?"

"అక్కడ చలట. ఆవిడే చెప్పింది."

"దుప్పటి ఇస్తానని కూడా ఆవిడే చెప్పింది."

"ఇస్తే రెండూ కప్పుకో."

"రెండు నెలలకి ఇంత మూటేంటమ్మా! చూసినవాళ్ళు పదవి దిగిపోతున్నది నేనే అనుకుంటారు."

నేను పకపకా నవ్వాను. అమ్మ నవ్వలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, అక్కకి పందొమ్మిది.

అక్క గవర్నరు బంగళాలో పిల్లల్ని చూసుకునేది. ఆ గవర్నరు మా రాష్ట్రానికి ఐదోవాడు. పదవీకాలం అయిపోయి భార్యాపిల్లలతో సొంత ఊరికి వెళ్ళిపోతున్నాడు. రైల్లో రెండు రోజుల ప్రయాణమట. వాళ్ళ చిన్నపిల్ల అక్క తినిపిస్తే తప్ప ముద్ద ముట్టేది కాదు. అందుకని, బయల్దేరడానికి ముందురోజు, గవర్నరు భార్య అమ్మను బంగళాకి పిలిపించింది. కుర్చీ వేయించింది. "రెండు నెలలు పంపండి చాలు. పిల్లలు కొత్త ఇంటికి అలవాటు పడగానే తోడునిచ్చి రైలెక్కిస్తాను" అంది. అమ్మను ఆ బంగళాలో అంతకుముందు ఎవరూ కూర్చోమనలేదు. సరేనని వచ్చేసింది.

ఆ రోజు స్టేషన్లోకి మామూలు జనాన్ని రానివ్వలేదు. లోపల బ్యాండు, పోలీసులు, పూలదండలు. అమ్మా నేనూ సామాన్ల గేటు దగ్గర ఇనపకంచె పట్టుకుని నిలబడ్డాం. అక్క ఒక చంకలో చిన్నపిల్ల, ఇంకో చేతిలో సంచి, గబగబా నడిచి మా ముందునుంచే వెళ్ళిపోయింది. నేను గొంతు చించుకుని పిలిచాను. బ్యాండు మోతలో నా కేక నాకే వినిపించలేదు. ఇక అక్కకెలా వినిపిస్తుంది?

ఆ తర్వాత నేను ఎవర్నీ సాగనంపడానికి ఏ స్టేషనుకీ వెళ్ళలేదు. మా ఆయన డ్యూటీకి బయల్దేరినా నేను వంటింట్లోనే ఉండేదాన్ని, ఏదో పని కల్పించుకుని. ఇప్పుడు కోడలు నన్ను ఆటపట్టిస్తుంది. ఆమె ఆస్పత్రిలో నర్సు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "వెళ్ళొస్తాను అత్తయ్యా. వస్తాను. తప్పకుండా వస్తాను. వీధి చివరిదాకానే వెళ్తున్నాను, పాల ప్యాకెట్టు కోసం" అంటుంది. నేను మొహం ముడుచుకుంటాను. ఆమె పాలతో తిరిగొచ్చేదాకా కిటికీ దగ్గర్నించి కదలను.

అక్క వెళ్ళి రెండు నెలలు గడిచాయి. మూడోది, నాలుగోది కూడా గడిచింది. అమ్మ బంగళా గేటు దగ్గరికి వెళ్ళింది. కాపలావాడు కొత్తవాడు. "పాతవాళ్ళ సంగతులు మాకేం తెలుస్తాయమ్మా? వాళ్ళనే అడుగు" అన్నాడు. వాళ్ళు ఎక్కడుంటారో చెప్పమంటే, అది చెప్పే అధికారం తనకు లేదన్నాడు. అమ్మ ఎవరినో బతిమాలి అర్జీ రాయించింది. "విషయం సంబంధితులకు పంపబడింది" అని జవాబొచ్చింది. సంబంధితులెవరో ఈ రోజుకీ నాకు తెలియదు. నా పెళ్ళయ్యాక మా ఆయన ఆ ఊరి పేరు కనుక్కుని, సెలవు పెట్టి వెళ్ళి వెతికొచ్చాడు. గవర్నరు ఎప్పుడో పోయాడట. ఇల్లు హోటలైందట. పిల్లలు వేరే దేశాల్లో స్థిరపడ్డారట. పనమ్మాయి గురించి ఎవరికీ ఏమీ గుర్తులేదు.

నేను బడికి పోలేదు. అక్క వెళ్ళేముందు, అక్కడ ఎవరిచేతైనా ఉత్తరం రాయించి పంపుతానంది. వస్తే చదవడానికి ఇంట్లో ఒకరుండాలి కదా అని, దుకాణాల బోర్డులు చూసి, పొట్లాలు కట్టిన పాత పేపర్లు చూసి అక్షరాలు పట్టుకున్నాను. తెలియని అక్షరం ఎదురైతే కనబడిన ప్రతివాణ్ణీ అడిగేదాన్ని. ఉత్తరం రాలేదు. చదువు మాత్రం వచ్చింది. ఉపయోగించడానికి ఏమీ లేక దొరికినవన్నీ చదివాను. మందుసీసాల మీదివి, రైళ్ళ వేళలు, చిరిగిన నవలల చివరి సగాలు. అచ్చయితే ఏదైనా చదవగలను. చేతిరాత చదవడం మాత్రం ఇప్పటికీ రాదు. నేర్పేవాళ్ళు లేరు, నేర్చుకోవడానికి ఉత్తరమూ లేదు.

పోయినేడాది మా పేట గ్రంథాలయానికి ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. మా రాష్ట్రపు పాత గవర్నర్ల ఉత్తరాలు, కాగితాలు, మొత్తం ఆరువందల పేజీలు. గ్రంథపాలకుడు దాన్ని రెండు చేతులా ఎత్తి బల్లమీద పడేసి, "బామ్మగారూ, ఇది మీరు తీసుకెళ్ళకపోతే ఇంకెవరూ తీసుకెళ్ళరు" అన్నాడు. తీసుకెళ్ళాను. పన్నులు, కరువు, వంతెన, పక్క రాష్ట్రంతో నీటి ఒప్పందం, ఏదీ వదలకుండా చదివాను. ముందుమాటలో ఒక ఆనవాయితీ గురించి రాశారు. దిగిపోయే గవర్నరూ, వచ్చే గవర్నరూ ఒకేసారి బంగళాలో ఉండకూడదట, అది మర్యాద కాదట. అందుకని వెళ్ళేవాడు వచ్చేవాడి కోసం ఒక ఉత్తరం రాసి బల్లమీద పెట్టి వెళ్తాడు. రాష్ట్రంలో ఏ పని సగంలో ఉంది, ఎవర్ని నమ్మాలి, ఎవర్ని నమ్మకూడదు. చివర్లో బంగళా సంగతి.

ఐదో గవర్నరు రాసిన ఉత్తరం ఉంది. వెళ్ళడానికి వారం ముందు తేదీ వేసి ఉంది. వరుస వరుసా చదివాను. వంతెన గురించి ఒకటిన్నర పేజీ. తర్వాత, "ఇక బంగళా విషయానికొస్తే" అని మొదలై, మూడు చుక్కలు. చుక్కల పక్కన వాలు అక్షరాల్లో, ఇంటి సంగతులు వదిలివేయడమైనది. ఆ కిందే గవర్నరు సంతకం.

నేను ఆ రోజు అన్నం తినలేదు. పుస్తకం మూసినా ఆ చుక్కలే కనబడేవి. నాకు కావలసింది ఒక్క మాట. మా అక్కను ఎప్పుడు వెనక్కి పంపుదామనుకున్నారు? అసలు పంపుదామనుకున్నారా?

కోడలు తేదీ చూసి పెదవి విరిచింది. "అత్తయ్యా, ఇది వారం ముందు రాసిన ఉత్తరం. మీ అమ్మగారిని పిలిచింది ముందురోజు. అడగకముందే మీ అక్క సంగతి ఇందులో ఎలా ఉంటుంది?"

"లేకపోతే లేదు. చూసొస్తే పోలా?"

"చూడనివ్వాలిగా."

కోడలి మాటే నిజమైంది. అసలు కాగితాలు దాచిన రికార్డాఫీసులో సంచులు బయట పెట్టించారు. పెన్నులు తీసుకుని పెన్సిళ్ళిచ్చారు. చదువుకునే గదిలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. మెడలో కార్డు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "అచ్చయిన ఉత్తరాల అసలు కాగితాలు ఇవ్వమండీ. ముట్టుకుంటే చిరిగిపోతున్నాయి. అందుకేగా పుస్తకం వేసింది. అందులో చదువుకోండి" అంది.

"పుస్తకంలో చుక్కలున్నాయమ్మా."

"అచ్చుకాని ఉత్తరమైతే ఇచ్చేదాన్ని."

"చుక్కలున్నచోట అచ్చు కాలేదుగా?"

ఆ అమ్మాయి కాసేపు నిజంగానే ఆలోచించింది. "సగం ఉత్తరం ఇవ్వడం కుదరదు కదండీ" అంది.

కోడలు ఊరుకుంటుందా? "అంటే మొత్తం వేస్తే చూడక్కర్లేదు, సగం వేస్తే చూడకూడదు. భలే ఉందమ్మా మీ రూలు. మా ఆస్పత్రిలో కూడా ఇలాంటిది లేదు."

"రూలు నేను పెట్టలేదక్కా. పుస్తకం కూర్చిన మేష్టారు వచ్చి అడిగితే ఇస్తాను. ఆయనకు అనుమతుంది."

మేష్టారు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో కుర్చీలమీద కూడా పుస్తకాలే. మాకోసం రెండు కుర్చీలు ఖాళీ చేయడానికే చాలాసేపు పట్టింది. పుస్తకం గురించి వచ్చామనేసరికి మనిషి వెలిగిపోయాడు.

"మీరు చదివారా? మొత్తమా?"

"ముందుమాట రెండుసార్లు చదివానండీ."

"చూశారా! మా తమ్ముడికి ఊరికే ఇచ్చాను. వాడు అట్ట దాటలేదు."

చుక్కల సంగతి ఎత్తగానే చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "ఇంటి సంగతులంటే ఏముంటాయమ్మా? పైకప్పు కారుతుంది, వంటవాడికి కోపమెక్కువ, ఇలాంటివే. అవన్నీ వేసుకుంటూ పోతే నీటి ఒప్పందం ఎవరు చదువుతారు చెప్పండి?"

"నీటి ఒప్పందం చదివానండీ. పైకప్పు సంగతే తెలియలేదు."

అప్పుడు మా అక్క గురించి చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. ఆ ఉత్తరం తనకు బాగా గుర్తుందనీ, అందులో ఏ అమ్మాయి పేరూ లేదనీ అన్నాడు. పేరు లేకపోయినా పరవాలేదు, ఒకసారి వచ్చి చదివి వినిపించమన్నాను. వస్తానన్నాడు.

వస్తానన్నవాడు మోకాలి నొప్పన్నాడు. మోకాలు తగ్గాక ఏదో సభన్నాడు. సభ అయ్యాక రికార్డాఫీసుకు సున్నాలు వేస్తున్నారన్నాడు. ఫోను చేస్తే "మీ పనే అనుకుంటున్నానమ్మా" అనేవాడు. కోడలు, "అనుకోవడానికి మోకాలు అక్కర్లేదుగా" అని పక్కనుంచి గొణిగేది. ఇన్నేళ్ళు ఆగినదాన్ని ఈ కొన్నాళ్ళు ఆగలేకపోయాను. నిద్రలో ఉలిక్కిపడి లేచేదాన్ని. ఆ కాగితం చెదలు తినేసినట్టూ, మేష్టారు పోయినట్టూ, లేకపోతే నేనే పోయినట్టూ కలలు. చివరికి ఒక పొద్దున కోడలు సెలవు పెట్టి, ఆటో తెచ్చి ఆయన గుమ్మంలోనే నిలబెట్టింది. "ఎక్కండి మేష్టారూ. మోకాలు నొప్పేస్తే పక్కన నర్సుని నేనున్నాను" అంది. ఆయన కిక్కురుమనకుండా ఎక్కాడు.

బూడిదరంగు అట్టపెట్టె. అందులో తెల్లకాగితంలో చుట్టిన ఉత్తరం. సిరా గోధుమరంగుకి తిరిగింది. అక్షరాలన్నీ ఒకదానిమీద ఒకటి వాలిపోయి, గాలికి పడిపోయిన చేనులా ఉన్నాయి. ఒక్క ముక్క కూడా నాకు తెలియలేదు. వేలు పెట్టబోతే అమ్మాయి "అమ్మమ్మా" అని చిన్నగా వారించింది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

మేష్టారు చదవడం మొదలుపెట్టాడు. "ఇక బంగళా విషయానికొస్తే, తూర్పు వరండా పైకప్పు కారుతుంది. రెండుసార్లు బాగుచేయించినా ఫలితం లేదు. వంటవాడు కోపిష్టి అయినా చెయ్యి మంచిది. తోటమాలికి చెవుడు, గట్టిగా చెప్పాలి." అక్కడ ఆయన వేలు కిందికి జారింది. "కుక్కను తీసుకెళ్ళలేకపోతున్నాం. అది నా భార్య గది గుమ్మం ముందు పడుకుంటుంది..."

"మధ్యలో వదిలేశారు" అన్నాను.

"ఏది?"

"వేలు రెండు వరుసలు దాటిందండీ. నాకు చదవడం రాదు గానీ, వరుసలు కనబడతాయి."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. నిజంగానే కావాలని చేయలేదు. ఆ కాగితం మీద ఆయన కళ్ళు ఎప్పుడో ఒక దారి వేసుకున్నాయి, మళ్ళీ ఆ దారినే పోయాయి. "ఏముందమ్మా, పనివాళ్ళ ఖాళీలు" అని వెనక్కి వెళ్ళి చదివాడు.

"పిల్లలను చూసుకునే అమ్మాయి మాతో వచ్చేస్తోంది. ఆ పని ఖాళీ. అవసరమైతే మీరు ఇంకొకరిని నియమించుకోవచ్చు."

అంతే. తర్వాత మళ్ళీ కుక్క. దానికి ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో. కొన్నాళ్ళు గుమ్మం దగ్గరే పడుకోనివ్వమనీ, బలవంతంగా లేపవద్దనీ, తర్వాత దానంతటదే అలవాటు పడుతుందనీ. కుక్కకు ఆరు వరుసలు రాశాడు.

కోడలు నా భుజం మీద చెయ్యి వేసింది. తేదీ సంగతి ఆమెకు ఇంకోసారి చెప్పనవసరం లేదు. అమ్మకు కుర్చీ వేసింది ఆరు రోజుల తర్వాత. అప్పటికే ఆ పని ఖాళీ అని రాసేశారు. రెండు నెలలకు వెళ్ళే మనిషి పని ఖాళీ అని ఎవరైనా రాస్తారా? వాళ్ళు అమ్మను అడగలేదు. చెప్పడానికి పిలిచారు. పాపం, అమ్మ తనే పంపానని చచ్చేదాకా గుండెలు బాదుకుంది. "నేను వద్దంటే ఆగేది, నేను వద్దనలేదు, నేను వద్దనలేదు" అని మంచంలో కూడా అదే మాట.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

"మీరు ఈ రెండు వరుసలు అచ్చేయకుండా ఎందుకు వదిలేశారండీ?" అని అడిగాను.

"నేను కుక్కను కూడా వదిలేశానమ్మా" అన్నాడు మేష్టారు. వెటకారం కాదు. తను ఎవరిపట్లా పక్షపాతం చూపలేదని చెప్పుకుంటున్నాడు.

"పుస్తకంలో వేయండి ఇప్పుడు."

"రెండో ముద్రణ ఉండదమ్మా. మొదటిదే గోదాములో పడుంది."

"చివర్లో తప్పొప్పుల పట్టిక ఉందిగా. అలాంటిది ఇంకో కాగితం అంటించండి."

"అది తప్పులకి. వదిలేసింది తప్పు కింద రాదు. వదిలేశామని అక్కడే రాశాం కూడా."

"మరి దేని కిందికొస్తుంది మేష్టారూ?" అంది కోడలు. "మీరు గంట పాఠం చెప్పగలరు గానీ, ఒక చిన్న కాగితం అంటించలేరు."

ఆయన ఆ రెండు వరుసలు మళ్ళీ చదువుకున్నాడు. తర్వాత మెల్లగా, "ఎన్నిసార్లు చదివానో ఈ ఉత్తరం. ఒక మనిషి అని తట్టలేదు" అన్నాడు. ఆ మాట నాకు ఏ విధంగానూ పనికిరాలేదు. పుస్తకం గోదాములో అలాగే ఉంటుంది. చుక్కలు చుక్కల్లాగే ఉంటాయి.

అప్పుడు ఆ అమ్మాయి సొరుగులోంచి ఒక చీటీ తీసింది. ఏదైనా కాగితంలో ఉన్న మనిషి ఫలానా అని చదవడానికి వచ్చినవాళ్ళు గుర్తుపడితే ఇందులో రాయొచ్చట. రాసింది ఆ పెట్టెలోనే, ఆ ఉత్తరంతోపాటే ఉంచుతారట. "ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదమ్మమ్మా. మీరు రాస్తారా?" అంది.

చీటీలో పేరు రాయడానికి చోటుంది. వివరం రాయడానికి చోటుంది. ఆ కింద, ఆధారం అని ఉంది.

"ఆధారమంటే?"

"ఫోటో గానీ, ఉత్తరం గానీ, ఏదైనా కాగితం" అంది అమ్మాయి.

మా దగ్గర ఏ కాగితమూ లేదు. అక్కకు ఫోటో తీయించలేదు. ఉత్తరం రాలేదు. అర్జీకి వచ్చిన జవాబును కూడా అమ్మ పొయ్యిలో పెట్టేసింది. మేష్టారు దగ్గి, "ఆధారం లేకపోతే తనిఖీలో తీసేస్తారమ్మా. ఊరికే శ్రమ" అన్నాడు.

"తీసేస్తే తీసేయనీండి" అంది కోడలు. "ముందు రాయనివ్వండి."

పెన్సిల్ తీసుకున్నాను. నాకు కలిపి రాయడం రాదు. అచ్చులో ఉన్నట్టు ఒక్కొక్క అక్షరం విడివిడిగా దించుతాను. ఆధారం దగ్గర ఏమీ రాయకుండా వదిలేశాను. పైన అక్క పేరు రాశాను. వివరంలో ఇలా రాశాను.

ఈ ఉత్తరంలో పిల్లలను చూసుకునే అమ్మాయి మా అక్క. రెండు నెలలకని మా అమ్మకు చెప్పి తీసుకెళ్ళారు. వయసు పందొమ్మిది. ఐదో గవర్నరు పదవి దిగిన రోజు, వేసవి చివర్లో, మధ్యాహ్నం రైలుకు వెళ్ళింది. తిరిగి రాలేదు.